నవల బతికే ఉన్నట్టు పత్రం

గురువారం పదకొండింటికి వాగ్దేవి ఫోనుకి శుభవార్త వచ్చింది: నూట అరవై ఏళ్ల ఐరిష్ నవల చనిపోయిందన్న ఉత్తర్వును సాయంత్రం నాలుగింటి దాకా నిలిపివేశారు, ఈలోగా నవల స్వయంగా హాజరై తాను బతికే ఉన్నట్టు రుజువు చేసుకోవచ్చు.

వందేళ్లు దాటిన పుస్తకాలు ఏటా నవంబరులో ఇలా హాజరు కావడం ఆ జిల్లాలో మామూలే. రుజువు చేసుకోలేనివి మర్నాడు పొట్లాల కాగితం మిల్లుకి వెళ్తాయి. ఇంగ్లిష్ నవలలు తమంతట తామే మెట్లెక్కి, వేళకి వరసలో నిలబడతాయి. ఐరిష్‌వి దారిలో ఎవరో ఒకరితో కబుర్లలో పడతాయి. ఈ నవల టీ కొట్టు దగ్గర ఆగిపోయి గడువు దాటబెట్టుకుంది. అందుకని ఈసారి వాగ్దేవి దాన్ని చేతిసంచిలో వేసుకుంది.

ఆమెకీ నిఖిలేశ్‌కీ పెళ్లై మూడు నెలలు. గ్రంథాలయంలో ఆ నవల గడువు చీటీ మీద ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి పడటంతోనే పరిచయం మొదలైంది. ఇప్పుడు రోజూ టీతోపాటు రెండు పేజీలు చదువుకుంటున్నారు. ఇంకా అరవై పేజీలున్నాయి. మిల్లుకి ఇచ్చే ప్రసక్తే లేదని ఆమె సెలవు పెట్టేసింది, అతని చేత కూడా పెట్టించింది.

నియమం సులువైనదే. ఒకరు పైకి చదవాలి, వింటున్నవాళ్లలో ఒకరైనా ఎవరూ అడక్కుండా నవ్వాలి. మూడు అవకాశాలు. జిల్లా కార్యాలయంలో ఇద్దరూ బల్ల ముందు కూర్చోగానే సూపరింటెండెంట్ సత్తిరాజు గారు రిజిస్టరు తెరిచారు.

నవల్లో సంతకి ఎద్దుని తోలుకెళ్లిన బాబాయి కథ తీసింది వాగ్దేవి. ఇంట్లో ఆ పేజీ దగ్గర నిఖిలేశ్ రోజూ టీ ఒలకబోసుకుంటాడు. ఇక్కడ మాత్రం నవ్వబోయి దగ్గాడు. 'దగ్గు' అని రాశారు సత్తిరాజు గారు. రెండోసారి గది దద్దరిల్లేలా నవ్వాడు. 'భార్య కోసం నవ్వినది, చెల్లదు' అని రాశారు.

వాగ్దేవి మంచినీళ్లు తాగి, మూడోసారి తాపీగా చదివింది. తన ఎద్దుని కొనే యోగ్యత ఆ సంతలో ఒక్కడికీ లేదని తిట్టి, బాబాయి ఎద్దుతోనే ఇంటికి తిరిగొచ్చాడు. రిజిస్టరు వెనక నుంచి కిసుక్కున నవ్వు వినబడింది.

"మా మావయ్య పొలం బేరమూ ఇంతేనమ్మా," అన్నారు సత్తిరాజు గారు కళ్లు తుడుచుకుంటూ.

ముద్ర ఎత్తి, ఆగారు. నవ్వినవాడు రికార్డు ప్రకారం బతికుండాలి. తన ఫైలు తీసి చూసుకున్నారు. ఆయన బతికే ఉన్నట్టు చెప్పే జీవన పత్రం గడువు ఆరేళ్ల క్రితమే తీరిపోయింది. ఈ ఆరేళ్లూ ఆయన వేళకి వచ్చారు, వేల కాగితాల మీద సంతకాలు పెట్టారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

"పోయినవాణ్ని నవ్వించింది కదండీ," అంది వాగ్దేవి, పుస్తకం బల్ల మీద నుంచి తియ్యకుండా. "బతికున్నవాళ్లని నవ్వించడం కంటే అది పెద్ద రుజువు కాదూ?"

సత్తిరాజు గారు నిబంధనలు తిరగేశారు. కాదనే నిబంధన లేదు. నాలుగింటికి రెండు నిమిషాలుండగా ముద్ర పడింది.

సంగతి తెలిసి పక్క గదుల వాళ్లు వచ్చారు. ఎవరి ఫైళ్లు వాళ్లు చూసుకుని, వరసలో నిలబడ్డారు. ఆ కార్యాలయంలో ఇప్పుడు చెల్లుబాటయ్యే పత్రం ఉన్నది నవలకొక్కదానికే.

"రేపు పదింటికి దీన్ని తీసుకురామ్మా," అన్నారు సత్తిరాజు గారు, వరసలో చివర నిలబడి. "మేం ఉన్నామని అదే చెప్పాలి."

"పదిన్నరకి వస్తామండీ," అంది వాగ్దేవి. "దారిలో టీ కొట్టుంది."