మామగారి గ్లాసుడు వాన

ఆ రోజు కోడలు వేసుకున్న ప్రణాళిక చిన్నదే. కాఫీ తాగాలి, మేడ మీది వర్షమాపకాన్ని ఒకసారి తుడవాలి, తొమ్మిదింటికల్లా సమీక్షా సమావేశంలో కూర్చోవాలి. ప్రాజెక్టును ఇంకో మూడేళ్లు పొడిగించాలో, మూట కట్టెయ్యాలో అక్కడే తేలుతుంది. మూట కట్టేస్తే ఆరుగురి ఉద్యోగాలు పోతాయి. అందులో మొదటిది ఆమెదే.

ఆ ప్రాజెక్టు రెండు సంస్థల ఉమ్మడి కాపురం. ఆమె సంస్థ నలభై చోట్ల వర్షమాపకాలు పెట్టి వానను కొలుస్తుంది. వాటిలో ఒకటి ఆమె ఇంటి మేడ మీదే ఉంది. రెండో సంస్థ ఆ కొలతలన్నీ కంప్యూటరుకు నేర్పి, రేపటి వాన ఎప్పుడో చెప్పే మోడల్ తయారు చేస్తుంది. కొలిచేవాళ్లు లెక్కల్లో వేలు పెట్టకూడదు, లెక్కలవాళ్లు కొలతలను శంకించకూడదు అన్నది ఒప్పందంలో మొదటి షరతు. ఇరువైపులా మర్యాదస్తులే కావడంతో ఎనిమిది నెలలుగా ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

ఏడూ యాభైకి ఆమె మేడ ఎక్కేసరికి మామగారు మొక్కలకు నీళ్లు పోయడం ముగించి, చిన్న గ్లాసుతో వర్షమాపకం మీదికి వంగి ఉన్నారు. ఆమె ఒక్క ఉదుటున వెళ్లి గ్లాసు పట్టుకుంది.

"ఏం చేస్తున్నారు మామయ్యా?"

"రోజూ చేసేదేనమ్మా. చినుకు లేకపోతే మా ప్రాజెక్టు ఎండిపోతుందని ఆ మధ్య అన్నం దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నావు కదా. చూస్తూ ఊరుకోలేకపోయాను."

ఆమెకు ఆయన మీద కోపమూ వచ్చింది, ప్రేమా పొంగింది. రెండింటికీ వ్యవధి లేదు. ఇక ఒక్క చుక్క కూడా పోయొద్దని చెప్పి పరుగు తీసింది.

దారి పొడుగునా రెండో సంస్థ శాస్త్రవేత్తకు ఫోను చేస్తూనే ఉంది. ఎన్నింటికి వస్తావంటే కూడా పాయింటు పెట్టి చెప్పే మనిషి కాబట్టి అందరూ అతన్ని దశాంశం అంటారు. దశాంశం ఫోను ఎత్తలేదు. ఆమె హాల్లో అడుగుపెట్టేసరికి అతను వేదిక మీద ఉన్నాడు, తెర మీద ఆమె మేడ ఉంది.

ఈ ఒక్క మేడ మీద రోజూ పొద్దున్నే, నిర్మలమైన ఆకాశం నుంచి, సరిగ్గా మూడు మిల్లీమీటర్ల జల్లు పడుతోందని అతను వివరిస్తున్నాడు. ఆదివారాల్లో గంట ఆలస్యమవుతుందట. ఆ రోజు వాహనాలు తక్కువ, దుమ్ము తక్కువ, అందుకని మబ్బు నెమ్మదిగా కడుతుందని అతని సిద్ధాంతం. చలి ముదిరిన రోజుల్లో అసలు పడదట. చలికి మామగారి మోకాళ్లు పట్టేస్తాయని ఆ హాల్లో కోడలికొక్కదానికే తెలుసు.

దుమ్ము నిపుణుడు లేచి, ఈ సంగతి తను ఏళ్ల తరబడి అనుమానిస్తున్నానన్నాడు. ఉపగ్రహాల నిపుణుడు వెనకబడదలచుకోలేదు. అంత చిన్న మబ్బు ఉపగ్రహానికి కనపడదని, కనపడకపోవడమే అది ఉందనడానికి రుజువని తేల్చాడు. కోడలు రెండుసార్లు చెయ్యెత్తింది. ప్రశ్నలు చివర్లో అన్నట్టు అధ్యక్షురాలు రెండుసార్లూ సైగ చేసింది.

ఈ రోజు వాన మాటేమిటని అధ్యక్షురాలే అడిగింది. ఏడూ యాభై రెండుకని మోడల్ నిన్ననే చెప్పిందంటూ దశాంశం ఆనాటి కొలత తెర మీదికి తెచ్చాడు. సున్నా. మళ్లీ తెచ్చాడు. సున్నా పాయింటు సున్నా సున్నా. దుమ్ము నిపుణుడు, ఇలా అవుతుందని కూడా అనుమానించానన్నాడు. అధ్యక్షురాలు కలానికి మూత పెట్టేసింది.

దశాంశం ముఖంలో నెత్తురుచుక్క లేదు. కోడలు నోరు మూసుకుంటే అతని కష్టం మునుగుతుంది, విప్పితే తన కొలతల పరువు పోతుంది. ఆమె లేచి నిలబడింది.

"మోడల్ తప్పలేదండీ. ఈ రోజు వాన నేనే ఆపేశాను."

గ్లాసు, మొక్కలు, ఆదివారం నిద్ర, మోకాళ్లు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. దశాంశం కుర్చీలో కూలబడ్డాడు. అధ్యక్షురాలు మాత్రం కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది.

"మామగారనే మనిషి ఒకరున్నారని తెలియకుండానే ఈ మోడల్ ఆయన నిద్రనీ నొప్పినీ పట్టేసిందంటే, ఇక మబ్బులు దీనికో లెక్కా?"

మూడేళ్ల పొడిగింపు అక్కడికక్కడే ఖాయమైంది. అధ్యక్షురాలు రెండు షరతులు పెట్టింది. ఇకనుంచి రెండు సంస్థలూ వారానికోసారి ఒకరినొకరు కడుపునిండా శంకించుకోవాలి. మోడల్‌ను పరీక్షించడానికి ఇంకో వారం మామగారిని పోయనివ్వాలి, ఆయనకు మాత్రం ఏమీ చెప్పకూడదు.

కోడలి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంటికొచ్చీ రాగానే నోరు జారింది.

"మామయ్యా, రేపు మీరు సరిగ్గా ఏడూ యాభై రెండుకి నీళ్లు పోస్తారట. కంప్యూటర్ చెప్పింది."

మామగారు పెందలాడే భోంచేసి పడుకున్నారు.

మర్నాడు వాన ఐదున్నరకే కురిసింది.