ఇరవై తొమ్మిది యూనిట్లు

సునామీ వచ్చి వెళ్లిన నాలుగో ఏడు, ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున గవరయ్య మూడు పనులు పెట్టుకున్నాడు. కాఫీ తాగడం, కరెంటు బిల్లు కట్టడం, తొమ్మిదింటికి దుకాణం తెరవడం. మొదటిది సవ్యంగానే జరిగింది. రెండోదాని దగ్గర కథ అడ్డం తిరిగింది.

ద్వీపంలో రేవు దగ్గరున్న జంగ్లీఘాట్‌లో తాళ్లు, మేకులు, రంగు డబ్బాలు అమ్మే దుకాణం ఆయనది. తాడు కొలిచేటప్పుడు బెత్తెడు ఎక్కువ ఇచ్చిన పాపాన పోలేదు. తక్కువా ఇవ్వలేదు. అలాంటి మనిషి చేతికి మీటర్ రీడర్ తిరుమలేష్ ఆ రోజు బిల్లుతో పాటు హిందీలో అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చాడు. గవరయ్యకు హిందీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. తిరుమలేషే చదివి చెప్పాడు.

ద్వీపాల్లో కరెంటు డీజిల్‌తో పుడుతుంది, ఆ డీజిల్ ఓడలో వస్తుంది. అందుకని బిల్లులో కరెంటు ధర కింద ఇంధనం సర్‌చార్జీ అని ఇంకో వరస ఉండేది. నెలకు వంద యూనిట్ల లోపు వాడే ఇళ్లకు ఇప్పుడు ఆ వరస ఎత్తేశారు. నూటొకటి అయితే మాత్రం మొదటి యూనిట్ నుంచీ పడుతుంది. ఇంకో షరతు కూడా ఉంది. ఇంట్లో మనుషులు కాపురం ఉండాలి.

"ఒక్కడుంటే కాపురం కిందికి వస్తుందా?" అని గవరయ్య అడిగాడు.

"ఆద్మీ ఉంటే చాలు చాచా. ఎంతమందని రాయలేదు."

జవాబు లాభసాటిగానే ఉంది. అయినా గవరయ్యకు ఎందుకో సంతోషం కలగలేదు.

ఆయన బిల్లు నూటపద్దెనిమిది యూనిట్లు. పద్దెనిమిది యూనిట్ల కోసం డెబ్బై రూపాయల సర్‌చార్జీ. తిరుమలేష్ తల పైకెత్తి, పట్టపగలు ఎండలో వెలుగుతున్న వరండా బల్బును చూశాడు. నలభై క్యాండిళ్ల బల్బు.

"ఆ బత్తీ బంద్ చేయండి చాచా. దిన్‌రాత్ వెలిగితే మహీనాకి ఇరవై తొమ్మిది యూనిట్లు. మీరు ఎనభై తొమ్మిదికి దిగిపోతారు. మామలా ఖతం."

"అది బంద్ కాదు. ఇంకోటేదైనా చెప్పు."

ఆ బల్బు సంగతి జంగ్లీఘాట్‌లో అందరికీ తెలుసు. సునామీ తర్వాత కూడా నేల కదులుతూనే ఉండేది. గిన్నెలు గలగలమన్నప్పుడల్లా ఆయన భార్య సరోజిని వీధిలోకి పరిగెత్తేది. ఆరు నెలలు అలా పరిగెత్తి, చివరికి విశాఖపట్నం ఓడెక్కి భీమిలిలో అక్క ఇంటికి చేరింది. అక్కడ జాకెట్లు కుట్టుకుంటోంది. నేల ఆగిన రోజున వస్తానంది. ఎక్కబోతూ, ఓడ ఏ వేళకొస్తుందో ఎవరికీ తెలియదు కనుక వరండాలో దీపం ఆర్పవద్దని చెప్పింది. నేల ఎప్పుడో ఆగింది. ఆమె రాలేదు. నువ్వు రా అని ఈయన, మీరే రండి అని ఆమె, మూడేళ్లుగా ఫోనులో బేరం ఆడుతున్నారు. ఇద్దరూ పైసా దిగలేదు. ఈయన చేతిలో ఉన్న సరుకల్లా ఆ బల్బు ఒక్కటే. ఒక్క పూట ఆర్పినా బేరం ఓడిపోతానని ఆయన భయం.

అందుకని ఫ్రిజ్ మీద కన్ను పడింది. నెలకు ముప్పై అయిదు యూనిట్లు మింగుతుంది, లోపల ఉండేది పెరుగు గిన్నె, నాలుగు పచ్చిమిరపకాయలు. వైరు పీకేస్తే సరిపోయేది. కానీ వ్యాపారస్తుడు వస్తువును ఖాళీగా నిలబెట్టడు. ఫెరార్‌గంజ్‌లో టీ దుకాణం నడిపే ధనరాజుకు నెలకు మూడు వందల అద్దెకు మాట్లాడాడు. బజారులో సరుకులు తోలే నూకన్న తన చిన్న ట్రక్కు తెచ్చాడు. డెబ్బై మిగులు, మూడు వందలు రాబడి. ఆ ఉదయం గవరయ్య కూనిరాగం తీస్తూ దుకాణం తెరిచాడు.

ఆయన లెక్కలోకి రానిది ఒకటుంది. సునామీ తర్వాత ద్వీపం వదిలి వెళ్లిన ప్రతి కుటుంబమూ ఒకే వరసలో వెళ్లింది. మొదట ఫ్రిజ్ గడప దాటుతుంది, తర్వాత మంచాలు, చివర మనుషులు. కాబట్టి గవరయ్య ఫ్రిజ్ తాళ్లు కట్టించుకుని ట్రక్కులో నిలబడి బజారు మీదుగా వెళుతుంటే, చూసినవాళ్లెవరూ ఎక్కడికని అడగలేదు. అడగవలసిన అవసరం కనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే వెనక వీధి అప్పలకొండమ్మ ఎండుచేపల మూటతో వచ్చింది. ఓడ ఎక్కేవాడు ఇక్కడివాళ్ల మూటలు అక్కడివాళ్లకు చేర్చడం ద్వీపాల్లో తరతరాల ఆచారం. టిక్కెట్టు కొన్నంత మాత్రాన ఎవరూ ప్రయాణికులు కాలేరు, మూటలు మోస్తేనే అవుతారు.

"మా మనవరాలికియ్యి నాయనా. గాజువాకలో ఉంటాది," అంది.

"నేను ఎక్కడికీ వెళ్లడం లేదు పిన్నీ."

"పెళ్లాం కాడికి ఎల్లడానికి సిగ్గేటి నాయనా. ఎల్లాలి మరి. ఇన్నాళ్లు ఎల్లకపోడమే సిగ్గు." మూట వరండాలో పెట్టేసి వెళ్లిపోయింది.

గవరయ్య ఎంత కాదంటే జనం అంత నమ్మారు. ఈ వయసులో భార్య కోసం వెళుతున్నానని ఏ మగవాడు ఒప్పుకుంటాడు? ఆయన దుకాణంలో ఉన్నప్పుడు కూడా మూటలు వస్తూనే ఉన్నాయి. తీరంలో చేపలమ్ముకుంటూ పక్క వాటాలో ఉండే కాళమ్మ ఆయన తరఫున అన్నీ దించుకుని గోడ వారన పేర్చింది. కొబ్బరికాయలు, తేనె సీసాలు, పడాక్ కర్ర పీట, ఒకరి పెళ్లి ఫోటోలు. డిగ్లీపూర్ నుంచి ఎవరో బస్సు మీద వక్కల బస్తా పంపారు. వారం తిరిగేసరికి ఇరవై ఏడు మూటలు. ఎండుచేపల వాసన తేనెలోకి దిగుతోంది.

పన్నెండో రోజున నూకన్న ట్రక్కు వచ్చి ఆగింది. అందులో ఫ్రిజ్ ఉంది. ద్వీపం వదిలిపోతున్న మనిషి సొత్తు దగ్గర పెట్టుకోవడం బాగుండదని ధనరాజు దాన్ని గోనెసంచులు చుట్టి, ఓడకు పనికొచ్చేలా కట్టి, తిప్పి పంపాడు. పైన ఒక బిస్కెట్ల డబ్బా, దారిలో తినడానికి.

ఆ సాయంత్రమే భీమిలి నుంచి ఫోను.

"వస్తున్నారట కదా," అంది సరోజిని. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "ఏ ఓడ?"

రావడం లేదని చెప్పడానికి గవరయ్య నోరు తెరిచాడు. మూడేళ్లలో ఆమె ఏ ఓడ అని అడగడం అదే మొదటిసారి.

"తేదీ ఇంకా వేయలేదు," అన్నాడు.

సరోజిని కుట్టు మిషను ఆపి అడిగింది. "దీపం ఉంచారా?"

"ఉంచాను."

"వచ్చేటప్పుడు పెరట్లో తమలపాకు తీగ ముక్క ఒకటి కోసుకు రండి. తడిగుడ్డ చుట్టండి. ఇక్కడ నాటుతాను."

ఫోను పెట్టేశాక గవరయ్య పెరట్లోకి వెళ్లి తీగను చూశాడు. ఆ తీగ ఆమె నాటిందే, పోకచెట్టు మీదికి పాకి తలెత్తు దాటింది. అక్కడ తీగ నాటే మనిషి ఇక్కడికి వచ్చే మనిషి కాదు. ఆ మాత్రం లెక్క ఆయనకు కాగితం అక్కర్లేకుండానే వచ్చు.

వెళ్లకూడదనే అనుకున్నాడు. మూటలు ఇంకెవరికైనా అప్పగిద్దామని రెండు రోజులు తిరిగాడు. ఎక్కేవాళ్లకు ఎవరి మూటలు వాళ్లకున్నాయి. ఇక మిగిలిన దారి ఒకటే, తిరిగి ఇచ్చేయడం. అంటే ఇరవై ఏడు గడపలెక్కి, నేను నా భార్య దగ్గరకు వెళ్లడం లేదు అని ఇరవై ఏడుసార్లు చెప్పాలి. ఒక్కటీ తిరిగివ్వకుండానే మూడో గడప దాకా వెళ్లాడు. అక్కడ ఇరవై ఎనిమిదో మూట తీసుకుని వచ్చాడు. మర్నాడు టిక్కెట్టు కొన్నాడు.

మార్చి మొదట్లో కొత్త బిల్లు వచ్చింది. నూటనాలుగు యూనిట్లు. ఫ్రిజ్ తిరిగొచ్చి, గోనెలు విప్పి మళ్లీ కరెంటుకు తగిలించి ఉండకపోతే వంద లోపే ఉండేది.

ఓడ కదిలే రోజు పొద్దున నూకన్న మూటలన్నీ ట్రక్కులో ఎక్కించాడు. ఒక్కొక్కదాని మీద గవరయ్య రంగుతో పేరు రాశాడు. తమలపాకు తీగను తడిగోనెలో చుట్టి విడిగా పెట్టాడు. మెయిన్ స్విచ్ దించాడు. పంకా నెమ్మదించి ఆగింది, ఫ్రిజ్ ఒకసారి వణికి మూగబోయింది. బల్బు కూడా ఆరిపోయి ఉంటుంది. చూడకుండా వెళ్లిపోదామనుకుని తలవంచుకునే తాళం వేశాడు. మెట్టు దిగాక ఆగలేక వెనక్కి చూశాడు.

వెలుగుతోంది.

తాళం తీసి లోపలికి వెళ్లాడు. మెయిన్ దించే ఉంది. ఎత్తాడు, దించాడు. బయటికొచ్చాడు. వెలుగుతోంది. కాళమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చింది.

"కాళమ్మా, మెయిన్ తీసేశాను. ఇది ఆరలేదు."

"నీ మెయిను తీస్తే అదెందుకారతది బావా. అది నా మీటరు మీద గదా ఉంది."

గవరయ్యకు వెంటనే అర్థం కాలేదు. ఆమె గంప దించి నిదానంగా చెప్పింది. సరోజిని ఓడెక్కే ముందురోజు కరెంటు పనిచేసే జోగుల్ని పిలిపించి, మధ్య గోడకు కన్నం కొట్టించి, వరండా తీగను కాళమ్మ లైనులో కలిపించిందట.

"మీ బావ మంచోడే గానీ లెక్క కనిపిత్తే మనిషి మారిపోతాడు, ఎప్పుడో ఓనాడు ఆర్పేత్తాడు, నీ లైను మీదుంటే నా దీపం ఆరదు అంది సరోజినక్క. అప్పటినించి ఓడలో వచ్చినోళ్ల చేత నెలనెలా డబ్బులంపుతంది. నీకు సెప్పొద్దంది."

గవరయ్య మెట్టు మీద కూర్చున్నాడు. మూడేళ్లుగా ఆయన ముట్టుకోని స్విచ్, మూడేళ్లుగా ఆమె కడుతున్న బిల్లు. ఒక జాకెట్టు కుట్టుకూలి నెలకోసారి సముద్రం దాటి వచ్చి ఈ గుమ్మంలో వెలుగుతోంది.

"నేను ఆర్పలేదు," అన్నాడు, ఎవరో నేరం మోపినట్టు.

"సూత్తన్నాను గదా. ఒక్కసారీ ఆర్పనేదని అక్కకి కబురెట్టాను. అయినా డబ్బులు ఆపనేదు." కాళమ్మ చీర కొంగు ముడి విప్పింది. "ఈ నెల సర్‌చార్జీ తీసేశారు. నాది వంద లోపే. అక్క వాటాకి పదిహేడు రూపాయలు మిగిలింది. పట్టుకెళ్లియ్యి."

అది ఇరవై తొమ్మిదో మూట. దాని మీద ఆయన పేరు రాయలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నూకన్న హారన్ కొడుతున్నాడు. గవరయ్య తమలపాకు తీగ తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. గోనె విప్పి, పోకచెట్టు మొదట్లో మట్టి తవ్వి, కోసిన ముక్కను అక్కడే నాటి చెంబెడు నీళ్లు పోశాడు. సరోజిని అడిగితే ఏం చెప్పాలో అనుకుని చూసుకున్నాడు. తీగ బాగానే ఉంది, వచ్చి నువ్వే కోసుకో. మాట బేరంలాగే ఉంది. ఓడ ఎక్కుతున్నది తనే కనుక ఈసారి ధర తనే దిగినట్టున్నాడు. చేతులు కడుక్కుని ట్రక్కెక్కాడు.

ఏప్రిల్ మొదటివారంలో తిరుమలేష్ వచ్చి తలుపు చూశాడు, మీటరు చూశాడు, పైకి చూశాడు. తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు: ఇంటికి తాళం. మీటరు ఆగి ఉంది. బల్బు వెలుగుతోంది. విచారణ అవసరం.