చప్పట్ల కాలంలో ఖాళీ బుడ్డి

నాటకం చెడిపోతే మా ఇటలీలో ‘ఫియాస్కో’ అంటాం. ఆ మాటకు అసలు అర్థం గడ్డి అల్లిన వైన్ బుడ్డి. దేవుడి దయవల్ల రోజూ భోజనాల బల్ల మీద కనిపించే ఈ బుడ్డి ఏ పాపం చేసి ఇంత చెడ్డపేరు మోస్తోందన్నది ఏళ్లుగా నా సందేహం.

గాజు ఊదేవాడి చేతిలో మంచి పాత్ర వికటిస్తే బుడ్డిగా సరిపెట్టేవాడని కొందరంటారు. బుడ్డి పట్టుకుని నవ్వించబోయి అభాసుపాలైన నటుడెవరో ఉన్నాడని ఇంకొందరు. మా చర్చి ఫాదర్ దోన్ సెవెరోను అడిగితే, ముందు దాన్ని నింపి తెమ్మన్నారు.

ఇక ఆ సందేహంతో పనిలేదు! నాటకం చెడిపోవడమే లోకంలో లేకుండా పోయింది. తెర లేస్తే చప్పట్లు. పడితే లేచి నిలబడి చప్పట్లు. నటుడు మాట మరిచిపోతే మరీ గట్టిగా. మొన్న స్టేజీ మీద కుర్చీ విరిగితే దానికీ కొట్టారు. ఎంత సుఖం! నాటకం చూడక్కర్లేదు, సెల్‌ఫోన్ జేబులో పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకుంటే చాలు. ఇంతకు మించిన క్షమాగుణం ఉంటుందా?

పాత రోజులు ఎంత మొరటువి! మా ఊరి చర్చి నాటకంలో ఎవరు చెడగొడితే వాళ్ల గుమ్మంలో మర్నాడు ఖాళీ బుడ్డి వెలిసేది. పెట్టినవాడు లోపమేమిటో ముఖం మీదే చెప్పాలి. పుచ్చుకున్నవాడు ఎప్పటికైనా, అతను చెడగొట్టిన రోజున, ఆ బుడ్డిని అతనికే తిరిగివ్వాలి.

పసి యేసుతో ఈజిప్టుకు పారిపోయే జోసెఫ్ వేషం నేను వేసిన ఏడు, చెప్పులు కుట్టే అమిల్కరే నాకొకటి తెచ్చాడు. “ఈజిప్టుకు పారిపోతున్నట్టు లేదురా, సంతకు పోతున్నట్టుంది” అన్నాడు. అప్పటినుంచీ అది మా అలమారలోనే ఉంది. తిరిగిద్దామంటే అతనికి ఎప్పుడూ చప్పట్లే.

ఈ మట్టల ఆదివారం నాటకంలో యేసుకు శిక్ష వేసే పిలాతు వేషం అమిల్కరేది. హాలంతా లేచి నిలబడింది. ఇంటిదారిలో అతని ముఖంలో నవ్వు లేదు.

“అందరూ లేచారు. ఒక్కడైనా చూశాడంటావా? చూడకపోతే, శుక్రవారం మళ్లీ నేనెందుకురా వెయ్యడం?”

తెల్లవారి ప్రార్థన ముగించుకుని బుడ్డి చంకన పెట్టుకుని అతనింటికి వెళ్లాను.

“నిర్దోషికి శిక్ష వేసి చేతులు కడుక్కుంటున్నట్టు లేదురా. భోజనానికి కూర్చోబోతున్నట్టుంది” అన్నాను.

అమిల్కరే బుడ్డిని అటూ ఇటూ తిప్పి చూశాడు. గడ్డి సగం ఊడిపోయింది.

“చూశావన్నమాట,” అన్నాడు. “లోపలికి రా.”

వాళ్లావిడ ఇసోలినాను పిలిచి బేసిన్‌తో నీళ్లు తెమ్మన్నాడు. మధ్యాహ్నం గంట కొట్టేదాకా చేతులు కడుగుతూనే ఉన్నాడు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. చప్పట్లు మాత్రం కొట్టలేదు.