తాడు కట్టేదాకా

ఆ ఉదయం అనుకున్న పని చిన్నది. పడవ మీద కాసేపు పరీక్ష, తిరిగొచ్చి భోజనం, ఆ తర్వాత హాయిగా నిద్ర. తెల్లవారుతుండగా భార్య వంటింట్లో దీపం వేసేసరికి బల్ల దగ్గర భర్త కూర్చుని ఉన్నాడు. బూడిదరంగు కోటు, ఊలు టోపీ, కొంచెం వాలిన భుజాలు. ఆమె అలవాటుగా కాఫీ కప్పు ముందు పెట్టి, "చల్లారిపోతుంది, తాగండి" అంది.

అప్పుడు స్నానాలగది తలుపు తెరుచుకుని భర్త బయటికొచ్చాడు. తల తుడుచుకుంటూ, బల్ల దగ్గర కూర్చున్న తనను కాసేపు చూశాడు.

"నేను మరీ ఇంత లావా?"

"మీ కోటు పట్టినంతే కుక్కాను. ఒక్క గుడ్డపేలిక ఎక్కువ పెట్టలేదు."

"మరి నా కాఫీ దానికిచ్చావేం?"

"అది ఎదురుప్రశ్నలు వెయ్యలేదు."

అది బొమ్మ. ముందురోజు ఆమే కుట్టింది. ఆమె కుట్టుపని నేర్పే పంతులమ్మగా, ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరుగా రిటైరయ్యారు. మిగిలిన జీవితమంతా తెరచాప పడవలో, సముద్రం మీదే గడపాలని ఇద్దరూ ఒక చిన్న పడవ కొన్నారు. అయితే ఇద్దరికీ సర్టిఫికెట్లు ఉంటే తప్ప రేవు దాటనివ్వరు. ఆమె రాతపరీక్షలన్నీ ఒక్కసారికే గట్టెక్కింది. ఆయన ఆటుపోట్ల పేపరు రెండుసార్లు తప్పాడు. ఉద్యోగమంతా బస్సుల రాకపోకలు చెప్పిన అలవాటులో, 'పోటు ఆలస్యంగా నడుస్తున్నది' అని రాసి వచ్చాడు. ఇక ఈరోజు పడవ మీదే ఆ లెక్క అప్పజెప్పాలి. ఇదే ఆఖరి అవకాశం.

ఆయన అక్కకు మొదటినుంచీ ఈ వ్యవహారం ఇష్టం లేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. ఈ పడవ కొనేదాకా ఆవిడ సరేననకుండా ఆయన చొక్కా కూడా కొనుక్కున్నవాడు కాదు. "ఈసారి తప్పావంటే పడవ అమ్మెయ్యాలి. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు" అని ఆవిడ తేల్చి చెప్పింది.

పరీక్ష పెట్టే కెప్టెన్ మితభాషి. ఈరోజు అంశం, నీళ్ళలో పడిన మనిషిని వెతికి పైకి తీయడం. పడవ నడపడం నేర్పే బడిలో ఉన్న బొమ్మ చిరిగిపోయింది కాబట్టి మనిషంత బరువున్న, నీళ్ళలో తేలే బొమ్మను వీళ్ళనే తెచ్చుకోమన్నాడు.

"తాడు విప్పగానే పరీక్ష మొదలవుతుంది. తిరిగొచ్చి తాడు కట్టగానే ముగుస్తుంది. ఆ మధ్యలో నేను లేననుకోండి" అన్నాడు. అని, కాలరు చెవులదాకా లేపుకుని పడవ వెనకభాగంలో రాయిలా కూర్చున్నాడు.

రేవు దాటేసరికి మంచు దిగింది. నీళ్ళేవో ఆకాశమేదో తెలియడం లేదు. ఉన్నట్టుండి వెనక చిన్న చప్పుడైంది. మధ్యలో లేని కెప్టెన్ బొమ్మను తోసేశాడు.

"మనిషి పడ్డాడు" అని ఆమె అరిచి, చెయ్యి చాపి చూపించింది. పడిన మనిషి చేతికి దొరికేదాకా ఆ చెయ్యి దించకూడదు, చూపు తిప్పకూడదు. పుస్తకంలో అన్నిటికన్నా ముందున్న నియమం అదే. బొమ్మ వెల్లకిలా తేలుతూ వెనక్కి వెళుతోంది. నిన్న తను కుట్టిన గుండీలు కనిపిస్తున్నాయి. ఊలు టోపీ కింద ముఖం లేదు. అయినా తననే చూస్తున్నట్టుంది.

పడవ తిప్పుతున్న భర్త అడిగాడు. "ఏమోయ్, నా కళ్ళజోడేదీ?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్నకు ఆమె తిరిగి చూడని రోజు లేదు. ఇప్పుడూ తిరిగింది. చాపిన ఆ వేలితోనే చూపించింది.

"నెత్తిమీద."

మళ్ళీ ఇటు తిరిగేసరికి మంచు తప్ప ఏమీ లేదు.

చాలాసేపు వెతికారు. ఆమె అంచు మీదికి వంగి, తెలియకుండానే పిలిచింది. "ఏమండీ."

"ఆఁ" అన్నాడు భర్త వెనకనుంచి.

"మిమ్మల్ని కాదు."

ఈలోగా ఒక చేపల పడవతను దూరంగా ఆ కోటును, టోపీని, నీళ్ళలో ఆడుతున్న చేతిని చూశాడు. అందుకోబోతే మంచులో మాయమైంది. రేవులో ఆ కోటు తెలియనివాళ్ళు లేరు. అతను ఒడ్డుకొచ్చి ముందు రొట్టెల కొట్టాయనకు చెప్పాడు. కొట్టాయన అక్కకు చెప్పాడు, అక్క డిపోకు ఫోన్ చేసింది. డిపోలో సంతాపసభకు మైకు కూడా మాట్లాడేశారు.

వీళ్ళ పడవ ఒడ్డు చేరేసరికి గట్టు మీద మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. భర్త అప్పటికే ఆటుపోట్ల పుస్తకం కోసం లోపలి గదిలోకి దిగాడు. తాడు చేత్తో పట్టుకుని ఆమె ఒక్కతే నిలబడి ఉంది.

"అమ్మాయ్, ఎంత పని జరిగిందే" అంది అక్క.

"అయ్యో, ఏడవకండి వదినగారూ. ఆయన లోపలే ఉన్నారు. పోటు లెక్క వేసుకుంటున్నారు."

"మతి పోయింది పిచ్చిదానికి. పట్టుకోండర్రా."

"కావాలంటే ఈయన్ని అడగండి" అని ఆమె పడవ వెనకవైపు చూపించింది.

మంచులో కాలరు లేపుకుని కూర్చున్న ఆకారం కదలలేదు. "మీరెవరండీ?" అన్నాడు రొట్టెల కొట్టాయన. తాడు ఇంకా కట్టలేదు కాబట్టి కెప్టెన్ జవాబివ్వలేదు. కొట్టాయన మెల్లగా నలుగురి వెనక్కి వెళ్ళిపోయాడు.

డిపో మేనేజరు టోపీ తీసి మొదలుపెట్టాడు. "ఒక్క బస్సుకూ తప్పు టైము వెయ్యని మనిషి. అలాంటివాడు మళ్ళీ పుట్టడు..."

"ఏమండీ" అని పిలిచింది భార్య, గది వైపు తిరిగి.

జవాబు లేదు.

మళ్ళీ పిలిచింది. లేదు. గది గుమ్మం నల్లగా ఉంది. ఇంతదాకా పడవ నడిపింది ఎవరు, కళ్ళజోడు అడిగింది ఎవరు అని ఆమెకు అనుమానం వచ్చింది. చేతిలో తాడు చల్లగా తగిలింది. పొద్దున్నే రెండు కప్పులు పెట్టే అలవాటు పోవడానికి ఎంతకాలం పడుతుందో ఆమెకు తెలియదు.

మేనేజరు ముక్కు చీదుకుని ముగించాక, గదిలోంచి ఒక తల పైకి వచ్చింది. గట్టు మీద అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు.

"పలకరేం?" అంది భార్య.

"మేనేజరుగారు నా గురించి చెబుతున్నారు. సర్వీసులో ఉండగా ఒక్క మంచిమాట అనలేదు. మధ్యలో ఎలా లేస్తాను?"

అక్కకు చూపు సరిగ్గా ఆనదు. గట్టు అంచుదాకా వచ్చి, వంగి తమ్ముడి ముఖమంతా చేత్తో తడిమింది. వాడేనని రూఢి చేసుకున్నాక చెంప మీద ఒక్కటిచ్చింది.

"పరీక్ష పోయిందిగా? ఇక పడవ అమ్మెయ్. నేను బతికుండగా నీళ్ళమీదికి వెళ్ళడానికి వీల్లేదు."

భర్త కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ భార్య చేతిలోని తాడు వైపు చూశాడు. తాడు కట్టలేదు.

"పరీక్ష ఇంకా అవలేదక్కా."

"మళ్ళీ ఎక్కడికిరా?"

"నన్ను తెచ్చుకోవాలి."

పడవ వెనక్కి తిరిగింది. భర్త పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గొణుక్కున్నాడు. "నేను పడేసరికి ఆటు బయల్దేరింది. దీపస్తంభం దగ్గర మలుపు తిరుగుతుంది. ఇసుకదిబ్బ దగ్గర ఆగుతుంది. అది ఆఖరి స్టాపు." ఆగి, ఆశ్చర్యంగా చూశాడు. "ఆలస్యమేం లేదోయ్. నేను టైముకే వచ్చేస్తాను." వెనక కెప్టెన్ పెన్సిలు చప్పుడైంది.

ఇసుకదిబ్బ దగ్గర మంచులో ఒక బూడిదరంగు చెయ్యి లేచింది, పడింది. భార్య చెయ్యి చాపింది.

"ఏమోయ్, నా కళ్ళజోడు..."

ఆమె తిరగలేదు.

"ఏమోయ్, నిన్నే."

ఆమె తిరగలేదు. కాసేపు తడుముకుని, కళ్ళజోడు ఆయనే వెతుక్కున్నాడు. పడవ దగ్గరికి రాగానే ఆమె వంగి కోటు చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరూ కలిసి బొమ్మను పైకి లాగారు. నీళ్ళోడుతున్న బొమ్మను చెక్కల మీద పడుకోబెట్టాక కూడా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

"దొరికాడుగా. వదిలెయ్" అన్నాడు భర్త మెల్లగా.

"ఎవర్ని?"

"దాన్ని."

రేవులో ఆమె తాడు గట్టిగా కట్టింది. కెప్టెన్ అప్పుడు నోరు విప్పాడు. "ఇద్దరూ పాసయ్యారు. మనిషిని వెతికి తెచ్చారు. అతను బతికున్నాడా లేదా అన్నది మా సిలబస్‌లో లేదు."

సర్టిఫికెట్లు వచ్చాయి కానీ అక్క మాట మారలేదు. మర్నాడు పొద్దున డిపోలో మైకు వద్దని చెప్పడానికి భర్త వెళ్ళాడు. బొమ్మ కోటుతో సహా వరండా కుర్చీలో ఆరుతోంది. భార్య కాఫీ కలిపి వచ్చేసరికి అక్క దాని ఎదురుగా కూర్చుని ఉంది.

"పడవ మీద ఎప్పుడూ ఆ మునిగిపోనివ్వని కోటు వేసుకునే ఉండాలి. గాలివాన ఉంటే బయల్దేరకూడదు. నీ పెళ్ళాన్ని ఒంటరిదాన్ని చేశావంటే నేనూరుకోను. వింటున్నావా?"

అది బొమ్మని చెబుదామని భార్య నోరు తెరిచింది. ఆ చివరి మాట విని మూసుకుంది.

అక్క చాలాసేపు మాట్లాడింది. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. "వెళ్ళండి. అన్నిటికీ ఒప్పుకున్నాడు."

"ఏమన్నారు వదినగారూ?"

"ఏమీ అనలేదు. తల ఊపాడు."

భార్య వరండాలోకి చూసింది. ఆకు కూడా కదలడం లేదు.

పుట్టి బుద్ధెరిగాక తమ్ముడు అడ్డురాకుండా తన మాట పూర్తిగా వినడం ఇదే మొదటిసారని, అక్క కాఫీ తాగుతూ చెప్పింది.