చెత్తబుట్టను కాపాడుకుందాం రండి!

వాడిన మాస్కును తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసేవాడికి సౌందర్యదృష్టి లేదు! అవును, మీరు సరిగ్గానే చదివారు. కళ్ళజోడు తుడుచుకోనక్కర్లేదు.

మా వీధి మొదట్లో, బస్‌స్టాప్ పక్కన, ఏడాది క్రితం కొత్త చెత్తబుట్ట పెట్టారు. ఆకుపచ్చ రంగు, కాలితో నొక్కితే లేచే మూత, మీద ‘వాడిన మాస్కులు ఇందులో వేయండి’ అని పెద్దక్షరాలు. ఈ రోజుకీ లోపల ఒక్క మరక లేదు! మూత ఎత్తితే అడుగున మీ మొహం మీకు కనిపిస్తుంది. ఇంత శుభ్రమైన చెత్తబుట్ట ఇంకే వీధిలోనైనా ఉందా? ఉంటే చూపించండి, ఈ కాలమ్ రాయడం మానేస్తాను.

ఇదంతా ఊరికే వచ్చిందనుకున్నారా? ఎంతమంది త్యాగమండీ! మా పై ఫ్లాటు బ్యాంకు మేనేజరు గారు మూడో అంతస్తు బాల్కనీలోంచి మాస్కు వదులుతారు. అది వయ్యారంగా ఊగుతూ వచ్చి కింది వాళ్ళు ఆరేసుకున్న దుప్పటి మీద వాలుతుంది. జిమ్ము మాస్టారు బస్సు కిటికీలోంచి సరిగ్గా బుట్టకే గురిపెడతారు. కానీ చివరి క్షణంలో సంస్కారం అడ్డొచ్చి బారెడు దూరంలో పడేస్తారు.

గోడవారన ఒక మొక్క ఉంది. పుట్టి బుద్ధెరిగి ఒక్క పువ్వు పూయలేదు. ఇప్పుడు దానికి నీలం, తెలుపు, గులాబీ రంగుల్లో విరగబూత! ఒక కాకి అయితే మాస్కులతోనే గూడు కట్టుకుంది. తాళ్ళు ఎలాగూ ఉన్నాయి కాబట్టి దాని పిల్లలకు ఉయ్యాల కూడా అమరింది. ఇక వానొచ్చిందా, కాలువ నోటికి మాస్కులు అడ్డం పడి వీధంతా మోకాటి లోతు నీళ్ళు. ఇంటి గుమ్మంలో స్విమ్మింగ్ పూల్ ఎంతమందికుంటుంది చెప్పండి?

దీనికి కూడా వంకలు పెట్టేవాళ్ళున్నారు. మాస్కును లోపలికి మడవాలట, తాళ్ళు కత్తిరించాలట, కాగితంలో చుట్టాలట, అప్పుడు బుట్టలో వేసి మూత వేయాలట. మాస్కును పారేస్తున్నామా, అత్తారింటికి సాగనంపుతున్నామా?

క్రమశిక్షణ మాకు తెలియక కాదు. ఒకసారి పొరపాటున మా అత్తగారి మాస్కు పెట్టుకుని ఆఫీసుకెళ్ళాను. ఆవిడ రాసుకునే నొప్పుల మందు ఘాటుకు మీటింగంతా కన్నీళ్ళు పెట్టుకున్నాను. కంపెనీ మీద నా ప్రేమ చూసి మా బాసు కదిలిపోయాడు. ఆ రోజు నుంచి మా ఆవిడ ప్రతి మాస్కు మూలనా మార్కర్‌తో ఫ్లాటు నంబరు, మనిషి, వారం రాస్తోంది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా నా పేరు ఆవిడ నోటా రాలేదు, పెన్నుకూ రాలేదు. కాబట్టి నా మాస్కు మీద ‘204 - ఆయన - సోమవారం’ అని ఉంటుంది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఆ ముత్యాలే నా కొంప ముంచాయి.

మా వీధి ఊడ్చే ఆవిడను చిన్నా పెద్దా అందరం అక్క అనే పిలుస్తాం. మొన్న గురువారం పొద్దున్నే అక్క ప్రతి ఫ్లాటు తలుపూ తట్టింది.

“సారూ, రేపు పదింటికి మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. నా మీద ఇప్పటికే రెండు కంప్లైంట్లున్నాయంట. రోడ్డు మీద ఒక్క మాస్కు కనబడినా పనిలోంచి తీసేస్తానన్నాడు. రేపొక్క పూట బుట్టలో వేయండి సారూ, దండం పెడతాను.”

“నువ్వు నిశ్చింతగా ఉండక్కా. ఈ వీధికి నేను హామీ!” అన్నాను.

ఆ రెండు కంప్లైంట్లూ రాసింది నేనే. భాష బాగుంటుందని అసోసియేషన్ వాళ్ళు బతిమాలారు.

శుక్రవారం తొమ్మిదింటికల్లా అక్క వీధి అద్దంలా ఊడ్చింది. పదింటికి జీపు ఆగింది. స్వాగతం చెప్పడానికి నేనే ముందుకెళ్ళాను. నా చిరునవ్వు ఆయనకు కనబడాలంటే మాస్కు తీయాలి కదా? తీశాను. తీసిన చెయ్యి ఊరుకుంటుందా? ఏడాది అలవాటు! నన్నొక్క మాట అడక్కుండా విసిరేసింది. మాస్కు వెళ్ళి బుట్ట పక్కన, సరిగ్గా ఇన్‌స్పెక్టరు బూటు ముందు పడింది.

ఆయన అప్పుడే బుట్ట మూత ఎత్తి చూసి, ఇటు తిరిగాడు. “బుట్ట ఖాళీ, రోడ్డు మీద మాస్కు! ఏమ్మా, నువ్వు చేసే పని ఇదేనా?”

చెప్పాల్సింది నేను. స్వాగతం కోసం తెచ్చుకున్న నవ్వు మాత్రం మొహానికి అలాగే అతుక్కుని ఉండిపోయింది.

అక్క వంగి మాస్కు తీసింది. ఆవిడ గ్లవ్స్‌కు మూడు వేళ్ళు చిరిగిపోయి ఉన్నాయని అప్పుడు చూశాను. మాస్కును అటూ ఇటూ తిప్పి, కూడబలుక్కుని చదివి, ఆయన ముందుకు చాపింది.

“నేను ఊడ్చింది తొమ్మిదింటికి సార్. దీని మీద శుక్రవారం అని రాసుంది. ముట్టుకుని చూడండి, ఇంకా వెచ్చగానే ఉంది.”

ఇన్‌స్పెక్టరు ముట్టుకోలేదు. రెండడుగులు వెనక్కి వేసి, మెడ చాపి చదివాడు. “ఎవరయ్యా ఈ 204 ఆయన?” అని వీధంతా వినబడేలా అడిగాడు.

రెండో అంతస్తు బాల్కనీలోంచి మా ఆవిడ సమాధానం వచ్చింది.

“మీ పక్కనే నవ్వుతూ నిలబడ్డారు చూడండి, ఆయనేనండీ!”

అక్క ఉద్యోగం నిలబడింది. జీపు వెళ్ళాక నా దగ్గరకొచ్చి మెల్లగా అంది. “ఏడాది నుంచి ఈ వీధిలో అందరి ముక్కులూ నేనే తుడుస్తున్నాను సారూ. నా పిల్లలకు కూడా ఇన్నాళ్ళు తుడవలేదు.”

సిగ్గేసింది. ఇది మాత్రం వేళాకోళం కాదు.

పాఠకులారా, ఇప్పుడు మా చెత్తబుట్ట చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మడిచిన మాస్కులు, కాగితం పొట్లాలు, కత్తిరించిన తాళ్ళు! అచ్చం చెత్తబుట్టలా తయారైంది. మొక్క బోసిపోయింది. మా ఆవిడ నా మాస్కుల మీద ఇంకో మాట కూడా చేర్చింది: ‘204 - ఆయన - సోమవారం - బుట్టలో’.

నిన్న తొమ్మిదింటికే పని ముగించుకుని అక్క బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చుని టీ తాగుతోంది. చేతులకు కొత్త గ్లవ్స్. నన్ను చూసి నవ్వింది, కళ్ళు మాత్రం నా కుడిచేతి మీదే ఉన్నాయి. రెండు చేతులూ పైకెత్తి చూపించి బస్సెక్కాను.