యంగ్ థండర్ పోయిన శనివారం

1995 జులై ఎనిమిది. ఆ రోజు తిన్నది వేయించిన క్యాట్‌ఫిష్, తెల్ల బ్రెడ్డు, పైన ధారాళంగా కారం సాస్. మెంఫిస్‌లో ఒక కారు షెడ్డులో ఎల్రాయ్ గెయిన్స్ తన రెండో ర్యాప్ క్యాసెట్ రికార్డు చేసుకుంటున్నాడు. భోజనం తెచ్చిన భార్య వెర్నిస్‌ను మైకు ముందుకు లాగి పల్లవి పాడించాడు. 'యంగ్ థండర్' పేరుతో అతను చేసినవి మూడే క్యాసెట్లు. అన్నీ కారు డిక్కీలోంచే అమ్ముకున్నాడు. వెర్నిస్ గొంతు ఉన్నది రెండోదాంట్లోనే. తన దగ్గర మిగిలిన ఆ ఒక్క కాపీనీ కారులోని టేప్‌రికార్డర్ నమిలేసింది.

ఇప్పుడు వెర్నిస్ పోయి మూడేళ్లు. ఆమె ముఖం కళ్లముందే ఉంది. గొంతే రోజురోజుకీ దూరమవుతోంది. ఆమె అన్న మాటలు గుర్తొస్తున్నాయి గాని, అవి ఆమె గొంతులో వినబడడం లేదు. ఆ క్యాసెట్ కోసం ఎల్రాయ్ అడగని ఇల్లు లేదు.

ఎవరైనా పోతే వాళ్ల బొమ్మ అచ్చువేసిన చొక్కాలు తొడుక్కోవడం ఆ పేట అలవాటు. ఆమె పోయిన తేదీ ఈసారి శనివారం వచ్చింది. పొద్దున్నే ఎల్రాయ్ చొక్కాల కొట్టుకు వెళ్లి, దాచుకున్న క్యాసెట్ అట్టను అక్కడ బొమ్మలు వేసే కుర్రాడు డ్వేన్ చేతిలో పెట్టాడు. అట్టమీద బంగారు గొలుసుతో కుర్ర ఎల్రాయ్ చేటంత ఉన్నాడు; వెనక కారు తలుపు దగ్గర వెర్నిస్ బొటనవేలంత.

"ఈ బొమ్మే వెయ్యి నాయనా. దేవదూత రెక్కలు కూడా పెట్టు..." రెక్కలు ఎవరికో చెప్పకుండానే, సమాధికి పూలు కొనడానికి వెళ్లిపోయాడు.

రెక్కలు ఎల్రాయ్ భుజాలకే మొలిచాయి. డ్వేన్ చొక్కాను కిటికీలో ఆరవేశాడు. ఎదుటి మంగలికొట్టువాళ్లు చూసి తమకూ కావాలన్నారు. వాళ్లలో ఒకడు రేడియోకు ఫోన్ చేశాడు. రేడియో ఊరంతటికీ చెప్పింది.

ఎల్రాయ్ సమాధి దగ్గర పూలు పెట్టి వచ్చేసరికి ఇంటిముందు కాలు పెట్టే చోటు లేదు. వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చాడు. అక్కడ వెర్నిస్ అక్క మావిస్, నల్ల టోపీ పెట్టుకుని, పరామర్శకు వచ్చినవాళ్లు తెచ్చిన వంటకాలు సర్దుతోంది.

"దేవుడా! చచ్చినవాడివి వెనక గుమ్మంలోంచి వస్తావేంటి?"

"ఎవరు చచ్చింది?"

"నువ్వే! రేడియోలో చెప్పారు. నీ పేరుమీద మూడు రకాల మాకరోనీ వచ్చింది."

ముందు గదిలో ఎవరో ఏడుస్తున్నారు: "అన్న క్యాసెట్లన్నీ నేను కొన్నాను!"

"ఆ రోస్కో గాడు ఒక్కటీ కొనలేదు వదినా."

"పోయినవాడివి, నోరు మూసుకో."

అంతలో చొక్కాల కట్టతో డ్వేన్ లోపలికి వచ్చాడు. కట్ట జారిపోయింది.

"బాబాయ్! పోయింది మీ అన్నయ్య కదా?"

"ఆ బొమ్మలోది నేనే. పోయింది ఈ మూలనున్నావిడ. నా భార్య."

చొక్కామీద వేలుపెట్టి చూపిస్తూనే ఎల్రాయ్ ఆగిపోయాడు. అట్టమీద మసకబారిన ఆ ముఖాన్ని డ్వేన్ పళ్ల సందుతో సహా తేటగా గీశాడు.

"ఎవరో తెలియకుండానే ఇంత శ్రద్ధగా గీశావా?"

"నవ్వుతున్నారు కదా బాబాయ్. మసగ్గా వదలబుద్ధి కాలేదు."

మావిస్ ఫోన్ తీసింది. "ముందు రేడియోవాళ్లకి చెప్పి తగలడనీ."

సరిగ్గా అప్పుడే అలమరా మీది రేడియో పలికింది. బతికున్నవాడు అడిగితే దొరకని క్యాసెట్, పోయాడనగానే ఎవరి అటకమీదో దొరికిందట. రెండో క్యాసెట్. మొత్తం వేస్తారట.

ఎల్రాయ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు వదినా. బతికున్నానంటే ఆపేస్తారు."

"అవతల అంతమంది ఏడుస్తుంటే?"

"ఏడవనీ. నేనూ ఏడుస్తాను."

తనను పడగొట్టే మగాడు మెంఫిస్‌లో పుట్టలేదని రేడియోలో కుర్ర ఎల్రాయ్ చాలాసేపు గొప్పలు పోయాడు. తర్వాత పల్లవి. వెర్నిస్ కాస్త ముందే ఎత్తుకుంది, తప్పు తెలిసి నవ్వింది, మళ్లీ అందుకుంది. ఆ నవ్వు అందులో ఉందన్న సంగతే అతను ఎప్పుడో మరిచిపోయాడు. మావిస్ టోపీ తీసి, చెల్లెలి గొంతు వింటూ కూలబడిపోయింది.

జనం కోరారని రేడియో అదే పాట మళ్లీ వేసింది. పొద్దుగూకే వేళకు మూడోసారి. పక్కింటావిడ చిలగడదుంపతో చేసిన తీపి 'పై' పళ్లెం పట్టుకుని వెనక గుమ్మంలో నిలబడింది.

"నిజంగానే పోయాడా మావిస్?"

"రేడియో ఆ పాట వేస్తున్నంతసేపూ పోయినట్టే," అని పళ్లెం అందుకుని, మావిస్ చప్పుడు కాకుండా ఆ రాత్రికి తలుపు మూసింది.