గంట కొట్టేసరికి డస్టర్

గుంపులుగా కూర్చోబెడితే పిల్లలకు ఇంగ్లీషు రాదు, గోల వస్తుంది. ఇంగ్లీషు మాస్టారికి ఇది ఏనాడో తేలిపోయిన విషయం. అయినా ఆ ఉదయం ఆయన బెంచీలు ఎదురెదురుగా జరిపించాడు. గుంపు చదువులు చూడటానికి తనిఖీ అధికారి వస్తున్నాడు మరి. "ఇవాళ పిల్లలు నోరు విప్పకపోతే పదో తరగతి కొత్త టీచరుకిచ్చేస్తా. మీరు లైబ్రరీ చూసుకుందురుగాని" అని హెడ్మిస్ట్రెస్ తేల్చి చెప్పేసింది. భార్య పోయాక ఆయన పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి ఆ తరగతి ఒక్కటే కారణం.

గుంపులు కట్టించి, ఇంగ్లీషులో మాట్లాడుకోమన్నాడు. ఒక్కడూ పెదవి కదపలేదు. విసుగెత్తి డస్టర్ అందుకున్నాడు.

"తెలుగు ముక్క ఎవరి నోట వస్తే ఇది వాళ్ల చేతికి. ఇంకొకరు తెలుగు మాట్లాడేదాకా వదలడానికి లేదు. గంట కొట్టేసరికి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే గది ఊడవాలి. పెద్దా చిన్నా లేదు. ఇప్పట్నించే లెక్క."

అదే సంగతి బోర్డు మీదా రాశాడు.

తాము ఇంగ్లీషు మాట్లాడటం కన్నా పక్కవాడి చేత తెలుగు పలికించడం తేలికని పిల్లలకు ఇట్టే అర్థమైంది. ఒకడు గిల్లాడు. "అమ్మో!" అంది పక్క పిల్ల. డస్టర్ ఆమెకి. ఆమె ముందువాడి జుట్టు పీకింది. "అబ్బా, నీ పని చెప్తానుండు!" డస్టర్ వాడికి. గది సంతయిపోయింది.

పక్క గదిలోంచి లెక్కల మాస్టారు ఊగిపోతూ వచ్చాడు. "ఏంటండీ ఈ గోల? ఇది బడా, బస్టాండా?" డస్టర్ ఆయన చేతిలో పడింది. పిల్లలు బోర్డు చూపించారు. ఆయన చదివి, నోరు మూసుకుని, తలుపు పక్కన పిల్లిలా పొంచి నిలబడ్డాడు.

హెడ్మిస్ట్రెస్ పరుగున వచ్చింది. "ఆయన వచ్చే వేళకి ఏంటండీ ఇది?" లెక్కల మాస్టారు ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆమె ముందు నిటారుగా నిలబడి డస్టర్ అందించాడు. ఇంగ్లీషు మాస్టారు గోడకు చేరగిలబడ్డాడు. లైబ్రరీ కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో గుర్తు చేసుకున్నాడు.

అంతలో తనిఖీ అధికారి గుమ్మంలో నిలిచాడు. "ఏమర్రా పిల్లలూ, బాగున్నారా?"

హెడ్మిస్ట్రెస్ డస్టర్ ఎంత వినయంగా అందించిందంటే, ఆయన అదేదో బహుమతి అనుకుని రెండు చేతులా పుచ్చుకున్నాడు. తర్వాత బోర్డు చదివాడు. డస్టర్ ఎలాగూ తన చేతిలోనే ఉంది, ఇక తెలుగుకి భయమేముంది?

"ఈ రూలు పెట్టిందెవరు?"

"నేనేనండీ" అనేశాడు మాస్టారు. అని, నాలుక కరుచుకున్నాడు.

అధికారి డస్టర్ ఆయన చేతిలో పెట్టాడు. గంట కొట్టారు.

చీపురు వచ్చింది. మాస్టారు నడుం వంచాడు. అప్పుడు, హాజరు కూడా చెయ్యెత్తే చెప్పే చివరి బెంచీ పిల్ల లేచి, "సర్, ప్లీజ్ స్వీప్ అండర్ మై బెంచ్ ఆల్సో" అంది.

అంతే, కట్ట తెగింది. "మై బెంచ్ ఆల్సో, సర్!" "నాట్ దేర్, సర్, దట్ కార్నర్!" ప్రతి గుంపూ ఆజ్ఞలిచ్చింది. ఒక్క తెలుగు ముక్క దొర్లలేదు.

"పిల్లలు ఇంతగా మాట్లాడే క్లాసు నేనెక్కడా చూళ్లేదమ్మా. ఈయన్ని మాత్రం కదపకండి" అన్నాడు అధికారి, చేతుల సుద్దపొడి దులుపుకుంటూ.

స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు ఆగలేకపోయాడు. "మొత్తానికి గుంపులే మిమ్మల్ని గట్టెక్కించాయన్నమాట."

"ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకండి" అన్నాడు ఇంగ్లీషు మాస్టారు.

ఎత్తినా ఆయన జవాబు చెప్పడు, ఏ భాషలోనూ.